ఉద్దానం పాఠాలు – 9: ముఖ్య అతిథి ఎవరు?



ఈ వారం తంపరల గురించి రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మధ్యలో నాకొక ఫోన్ వచ్చింది.

మా వైపు ఒక సేవా క్లబ్బు వాళ్లు చేశారు. పేరు రాయను, ఈ వ్యాసానికి దాంతో పని లేదు. మా బంధువులుండే ఒక పేటలో మంచినీళ్ల ప్లాంటు పెడుతున్నారట. ప్రారంభోత్సవానికి నన్ను వక్తగా రమ్మన్నారు. "అంబేడ్కర్ గారి గురించి ఒక పది నిమిషాలు మాట్లాడండి సార్, తర్వాత రిబ్బన్ కటింగ్, భోజనాలు" అన్నారు. మర్యాదగానే మాట్లాడారు.

మన స్టడీ సర్కిల్ గ్రూపులో ఈ సంగతి పెట్టాను. సగం మంది వెళ్లొద్దన్నారు. వాళ్ల ఫోటోల్లో మన మొహం వాడుకుంటారని వాళ్ల మాట. మిగతా సగం వెళ్లమన్నారు. మైకు దొరికినప్పుడు వదులుకోవడం తెలివితక్కువ అన్నారు. ఆ పేటలోనే ఉండే మా పెద్దమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఆవిడ చెప్పింది ఇది: "నివ్వు ఎల్తే ఎల్లు, మానితే మాను. రేపొద్దున్న ఆ మిసను పాడైపోతే ఎవుల్ని అడగాలో, అది మాత్రం అడిగి రా."

ఈ వారం రాసేదంతా పెద్దమ్మ అడిగిన దాని చుట్టూనే. ఈ క్లబ్బులు ఎక్కడ పుట్టాయి, వేదిక మీదికి ఎవరిని పిలుస్తారు, సేవ అంటే మన వాళ్లు చరిత్రలో ఏమన్నారు, మన ఉద్దానంలో నీళ్లు ఎలా వచ్చాయి, ఇవన్నీ ఒక వరుసలో చూద్దాం.

*

మొదలు చికాగోలో. 1905 ఫిబ్రవరి 23న పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు మిత్రుల్ని కలిశాడు. ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఒకాయన బట్టలు కుట్టించే వ్యాపారి. ఒక్కొక్కరి ఆఫీసులో వంతుల వారీగా కలిసేవాళ్లు. ఆ వంతు తిరగడం వల్లే రోటరీ అనే పేరు వచ్చింది. 1917లో అదే ఊళ్లో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ మొదలైంది. మన దేశంలో రోటరీ 1919లో కలకత్తాకి వచ్చింది. లయన్స్ 1956లో బొంబాయిలో మొదలైంది. తర్వాత జిల్లా కేంద్రాలకి, తాలూకా ఊళ్లకి, సంతలు జరిగే ఊళ్లకి కూడా పాకాయి.

రోటరీలో మొదట్నుంచీ ఒక నియమం ఉండేది. ఒక్కో వృత్తి నుంచి, వ్యాపారం నుంచి ఒక్కో మనిషిని చేర్చుకోవడం. దాన్ని క్లాసిఫికేషన్ అనేవాళ్లు. ఊళ్లోని పనులన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చుంటాయని ఉద్దేశం. తర్వాత ఆ నియమం చాలా సడలింది. ఆడవాళ్లకి మాత్రం తలుపు తెరవడానికి ఎనభై ఏళ్లకి పైగా పట్టింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 1989లో రోటరీ తన నియమాలు మార్చుకుంది.

ఇక్కడ విద్యార్థులు ఆగి ఆలోచించాలి. పలాసలో వృత్తుల జాబితా రాద్దాం. జీడిపప్పు వ్యాపారి ఉన్నాడు, డాక్టరున్నాడు, ఆడిటరున్నాడు, కాంట్రాక్టరున్నాడు. జీడిపిక్కలు కొట్టే, పప్పు మీద పొట్టు తీసే ఆడవాళ్ల పని ఏ వృత్తి కిందికి వస్తుంది? పిక్కల నూనెకి వాళ్ల వేళ్లు నల్లబడి చర్మం ఊడిపోతుంది. కాశీబుగ్గ కాలవలు ఎత్తే రెల్లి మనిషి పని? ఒడిశా సరిహద్దు పల్లెల్లో దండాసీల పని? ఇవి కూడా ఊళ్లో జరిగే పనులే. ఇవి ఒక్క రోజు ఆగినా ఊరికి తెలుస్తుంది. వీళ్లు రాకూడదని ఏ క్లబ్బు రూల్సులోనూ రాసి ఉండదు. సభ్యత్వ రుసుము, వారం వారం భోజనం ఖర్చు, సమావేశం జరిగే హోటలు, మాట్లాడే ఇంగ్లీషు, ఎవరో ఒకరు సిఫారసు చేయాలన్న పద్ధతి, ఇవన్నీ కలిసి ఆ పని చేసేస్తాయి.

ఇంకో సంగతి. రోటరీ వాళ్లు తమ మొదటి ప్రజాసేవ ప్రాజెక్టుగా చెప్పుకునేది ఏమిటో తెలుసా? 1907లో చికాగోలో పబ్లిక్ మరుగుదొడ్ల కోసం పూనుకోవడం. మంచి పనే. అదే ప్రాజెక్టు మన ఊళ్లోకి వచ్చేసరికి దానికో రెండో ప్రశ్న తోడవుతుంది. దాన్ని కడిగేది ఎవరు? పాకీ పనిని నిషేధిస్తూ ఈ దేశం 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. కట్టించిన వాళ్ల పేరు గోడ మీద ఉంటుంది. కడిగే వాళ్ల పేరు హాజరు పుస్తకంలో కూడా సరిగ్గా ఉండదు.

*

నేను ఈ క్లబ్బుల మంచిని తీసేయడం లేదు. పోలియో మీద రోటరీ 1985 నుంచి పని చేసింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. మన పేటల్లో కాళ్లు చచ్చుబడిన పిల్లలు ఇప్పుడు కనిపించకపోవడంలో ఇంటింటికీ తిరిగిన ఆశా, అంగన్‌వాడీ అక్కల కష్టంతో పాటు వాళ్ల డబ్బూ ఉంది. కంటి ఆపరేషన్ల క్యాంపుల్లో మా తాతకి చూపు వచ్చింది. అది నేను మర్చిపోను.

ఆ కంటి క్యాంపుల వెనక ఒక అతిథి ఉపన్యాసం ఉంది. 1925లో అమెరికాలోని ఒహాయోలో లయన్స్ మహాసభకి హెలెన్ కెల్లర్‌ని వక్తగా పిలిచారు. ఆమెకి చూపు లేదు, వినికిడి లేదు. అంధుల పక్షాన నిలబడండని ఆమె అడిగింది. లయన్స్ అప్పటి నుంచి కంటి చూపుని తమ ముఖ్యమైన పనిగా పెట్టుకుంది. వేదిక మీదికి ఆ బాధ తెలిసిన మనిషి వచ్చింది, ఏం కావాలో తనే చెప్పింది, సంస్థ దారి మారింది.

అలాంటి అతిథి మన తెలుగు నేల మీద అంతకు 8 ఏళ్ల ముందే ఉన్నాడు. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ పెట్టారు. నిర్వాహకుల్లో గూడూరు రామచంద్రరావు లాంటి అగ్రకుల సంస్కర్తలూ ఉన్నారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చాడు. వచ్చినాయన దండ వేయించుకుని నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోలేదు. అసలు పంచములు అనే పేరే ఒప్పుకోనన్నాడు. మేం ఈ నేల మొదటి బిడ్డలం, ఆది ఆంధ్రులం అని వాదించాడు. సభ పేరే మారిపోయింది. ఆది ఆంధ్ర ఉద్యమానికి అక్కడే పేరు పడింది. పిలిచిన వాళ్లు పెట్టిన పేరుని వచ్చిన అతిథి మార్చేశాడు.

*

ఇక 1932కి వద్దాం. ఆ ఏడాదిని గుర్తు పెట్టుకోండి.

చికాగోలో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి, దివాలా అంచున ఉన్న తన కంపెనీ కోసం నాలుగు ప్రశ్నల పరీక్ష ఒకటి రాసుకున్నాడు. ఏ పని చేసినా అది నిజమేనా, సంబంధం ఉన్న అందరికీ న్యాయంగా ఉందా, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని అడగాలన్నది దాని సారం. తర్వాత రోటరీ దాన్ని తనదిగా తీసుకుంది. ఇవాళ చాలా క్లబ్బుల గోడల మీద కనిపించే ఫోర్ వే టెస్ట్ అదే.

అదే 1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం అయింది. వెంటనే అంటరానితనం నిర్మూలన కోసం ఒక సంస్థ పెట్టారు. ఘనశ్యామ్‌దాస్ బిర్లా అధ్యక్షుడు, అమృతలాల్ ఠక్కర్ కార్యదర్శి. అదే హరిజన సేవక సంఘం అయింది. పేరులోనే సేవ ఉంది, చూడండి. మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో వెళ్తూ అంబేడ్కర్ నవంబరు 14న పోర్ట్ సయీద్ నుంచి ఠక్కర్‌కి ఒక ఉత్తరం రాశాడు. సేవ గురించి ఆలోచించే ప్రతి విద్యార్థీ ఆ ఉత్తరం చదవాలి. 1945లో వచ్చిన పుస్తకంలో ఆయన దాన్ని అచ్చు వేశాడు.

ఆ ఉత్తరంలో ఆయన చెప్పిన దాన్ని నా మాటల్లో చెప్తాను. అణగారిన వాడి బాధకి కారణం వాడి అలవాట్లే అనుకుంటే తాగుడు మాన్పించడం, వ్యాయామశాలలు, గ్రంథాలయాలు పెట్టడం దగ్గర ఆగిపోతాం. వాడి చుట్టూ ఉన్న సమాజమే కారణం అనుకుంటే పని వేరేలా ఉంటుంది. ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు, బడిలో కూర్చునే హక్కు, ఊరి చావడిలోకి వెళ్లే హక్కు, బండి ఎక్కే హక్కు, వీటి కోసం పల్లె పల్లెలో పోరాడాలి. గొడవలు వస్తాయి, అయినా తప్పదు. ఉద్యోగాల్లో తలుపులు తెరిపించాలి. అగ్రకులాల ఇళ్లలోకి అంటరాని వాళ్లని అతిథులుగానో, పనివాళ్లుగానో రానివ్వాలి. ఈ పని చేసే కార్యకర్తలు కూడా ఆ జనం నుంచే రావాలి, ప్రేమ ఉన్నవాడే సేవ చేయగలడు.

అతిథిగా అన్న మాట చూశారు కదా. ఆయన అడిగింది ఇంటి గడప దాటడం. వేదిక మీద ఒక కుర్చీతో సరిపోయేది కాదది.

ఆ ఉత్తరం అందిందన్న జవాబు కూడా రాలేదని అంబేడ్కర్ రాశాడు. మొదట్లో సంఘం కేంద్ర బోర్డులో ఆయనతో పాటు కొందరు దళిత నాయకులున్నారు, తర్వాత లేరు. మా వాళ్లని పాలకవర్గంలో ఎందుకు పెట్టరని అడిగిన వాళ్లకి గాంధీ ఇచ్చిన జవాబు ఒక తర్కం. అంటరానితనం హిందువులు చేసిన పాపం, ఈ సంఘం వాళ్ల ప్రాయశ్చిత్తం, కాబట్టి నడపాల్సిందీ వాళ్లే. వినడానికి వినయంగా ఉంటుంది. కానీ అందులో మన స్థానం ఏమిటి? పాపం కడుక్కునే వాడికి మనం రేవు. రేవుకి అభిప్రాయం ఉండదు.

టేలర్ పరీక్షలో రెండో ప్రశ్నకి ఇక్కడే చిక్కు వస్తుంది. అందరికీ న్యాయంగా ఉందా అని తేల్చేటప్పుడు, ఆ అందరూ గదిలో ఉన్నారా లేదా అని అడగాలి కదా?

*

ఇప్పుడు మన పలాస. బయటి నుంచి పెద్ద పెద్ద వక్తలు పలాసకి రావడం కొత్త కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎంచుకున్నది రాహుల్ సాంకృత్యాయన్‌ని. మందస జమీందారీ రైతులు అడవిలో కట్టె కోసం, మేత కోసం కొట్లాడుతున్న రోజులవి. సభ అయిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో రైతుల్ని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులకి గున్నమ్మ ఎదురు నిలబడింది. కాల్పుల్లో ఆమె, మరికొందరు చనిపోయారు. పలాస సభకి వచ్చిన వక్తల ఉపన్యాసాలు ఇవాళ ఎవరికీ గుర్తు లేవు. వీరగున్నమ్మ పేరు మందస వైపు ప్రతి ముసలామెకీ తెలుసు. అడవి మీద హక్కు ఎవరో దానం చేస్తారని ఆమె చూడలేదు.

టెక్కలి వైపు కూడా అంతే. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, అంతకు ముందు 2010 జూలై 14న సోంపేట బీలలో, థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. నీటి గురించి, చేపల గురించి, తడి నేల గురించి ఈ తీరంలో ఎక్కువ తెలిసిన వక్తలు ఆ ఊళ్ల మత్స్యకారులూ కూలీలే. వాళ్లని ఏ సభకీ ముఖ్య అతిథులుగా పిలవగా నేను చూడలేదు.

ఇక కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇల్లు ఇల్లునా తెలిసిన కథ. ఇది ఒక్క కులానికి వచ్చిన జబ్బు కాదు, ఎండలో పని చేసే అందరినీ తినేస్తోంది. డాక్టర్లు 1990ల నుంచి గమనిస్తున్నారు. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలలేదు. కార్యకర్తలు ఈ మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆర్వో నీళ్లు తాగితే కిడ్నీ జబ్బు రాదని ఎవరైనా వేదిక మీద అంటే అది రుజువైన సంగతి కాదు. కారణం ఏదైనా, శుభ్రమైన నీళ్లు మాత్రం ప్రతి ఇంటికీ కావాలి.

ఈ ముప్పై ఏళ్లలో ఉద్దానం వచ్చిన అతిథులకి లెక్క లేదు. ప్రొఫెసర్లు, శాస్త్రవేత్తలు, మంత్రులు, సినిమా వాళ్లు వచ్చారు. 2017 జనవరిలో పవన్ కళ్యాణ్ వచ్చాక రాష్ట్రమంతా ఉద్దానం పేరు విన్నది. అదే ఏడాది హార్వర్డ్ నుంచి డాక్టర్లు వచ్చారు. రక్తం, మూత్రం, బావి నీళ్లు, మట్టి ఎన్నిసార్లు సీసాల్లో పట్టుకెళ్లారో మా వాళ్లకి గుర్తే లేదు. రిపోర్టు ఏమైందని అడిగితే చెప్పేవాడు తక్కువ.

నీళ్ల ప్లాంట్లు కూడా అలాగే వచ్చాయి. ప్రభుత్వానివి కొన్ని, సేవా సంస్థలవి కొన్ని, కంపెనీలవి కొన్ని. 2014లో మొదలైన ఎన్టీఆర్ సుజల పథకంలో 20 లీటర్లు 2 రూపాయలకి ఇచ్చేవాళ్లు. ఆర్వో ప్లాంటు ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి. బోరు నీళ్లని మోటారుతో ఒత్తిడి పెట్టి సన్నని పొర గుండా తోస్తారు. ఒక పక్క మంచినీళ్లు, ఇంకో పక్క లవణాలన్నీ చేరిన నీళ్లు వస్తాయి. చిన్న ప్లాంట్లలో ఈ వదిలేసే నీళ్లే చాలాసార్లు ఎక్కువ. అవి ఎక్కడికి పోతున్నాయో చూడాలి. ఫిల్టర్లు తరచూ, పొర కొన్నేళ్లకోసారి మార్చాలి. కరెంటు బిల్లు కట్టాలి. నీళ్లు పరీక్ష చేయించాలి. రిబ్బన్ కట్ చేసిన రోజు ఖర్చు కన్నా ఆ తర్వాత ఏళ్ల ఖర్చే ప్లాంటుని బతికిస్తుంది, చంపుతుంది. తాళం పడి, గోడ మీద దాత పేరు మాత్రం మిగిలిన ప్లాంటు మీ ఊళ్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. మా పెద్దమ్మ అడిగింది దీని గురించే.

దీనికి పక్కన ఇంకోటి పెట్టి చూడండి. 2019లో డయాలిసిస్ రోగుల పెన్షన్ నెలకి 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం నుంచి వంశధార నీళ్లని పైపుల్లో ఏడు మండలాల్లోని 807 గ్రామాలకి తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా మొదలైంది. అందులో లోపాలుంటే నిలదీయాలి, నిలదీస్తున్నాం కూడా. చివరి పేటకి నీళ్లు రాకపోతే పంచాయతీని, కలెక్టర్‌ని, ప్రభుత్వాన్ని అడగొచ్చు. అడగడానికి ఒక కాగితం ఉంది, ఒక ఆఫీసు ఉంది, ఓటు ఉంది. దాత పెట్టిన ప్లాంటు ఆగిపోతే అలా అడగలేం. "ఉచితంగా ఇస్తే మళ్లీ అడుగుతున్నారా" అంటారు. దానానికీ హక్కుకీ తేడా అక్కడ తెలుస్తుంది.

హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా మనకి మహాడ్ నేర్పింది. బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది, మహాడ్ మున్సిపాలిటీ 1924లో చవదార్ చెరువు అందరిదీ అంది. అయినా ఒక్క గుక్క తాగనివ్వలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేల మందితో నడిచి వెళ్లి దోసిలి పట్టాడు. దెబ్బలు తిన్నారు. కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. ఆ పదేళ్లలో ఎవరైనా దాత మన వాళ్ల వాడకి వేరే బావి తవ్విస్తానని వచ్చి ఉంటే దాహం తీరేది. చెరువు మాత్రం వాళ్లదే అయ్యుండేది.

ఈ మాట రాస్తూ నేను కూడా ఇబ్బంది పడుతున్నాను. దాహం వేసేది ఇవాళ. వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్‌కి వెళ్లొచ్చే మనిషికి 1937 దాకా ఆగమని నేను చెప్పలేను. అందుకే ప్లాంటు వద్దనను. ప్లాంటు రానివ్వాలి, దాంతో పాటు అడగాల్సినవి అడగాలి.

*

అందుకని క్లబ్బు వాళ్లకి తిరిగి ఫోన్ చేశాను. వస్తానన్నాను, కొన్ని మాటలు ముందే చెప్పాను.

ఒకటి, ప్లాంటు నడిపే కమిటీలో సగం మంది ఆ పేట ఆడవాళ్లు ఉండాలి. నీళ్లు మోసేది వాళ్లే. రెండు, నిర్వహణ డబ్బు ఎంత, ఎన్నేళ్లకి, ఎవరి పూచీ అన్నది కాగితం మీద రాసి పంచాయతీకి ఒక నకలు ఇవ్వాలి. మూడు, పాడైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు గోడ మీద రాయాలి, దాత పేరుకన్నా పెద్ద అక్షరాల్లో. నాలుగు, వంశధార పైపు ఆ పేటకి రావాలని క్లబ్బు కూడా మాతో కలిసి అర్జీ మీద సంతకం పెట్టాలి. ఐదు, నాకిచ్చిన పది నిమిషాల్లో ఐదు నిమిషాలు మా పెద్దమ్మకి ఇవ్వాలి.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, మొదటి మూడూ పర్వాలేదు సార్, అర్జీ సంగతి మీటింగులో పెట్టాలి అన్నారు. ఐదోది విని, "ఆవిడ ఏం మాట్లాడతారండీ?" అని అడిగారు. ఆ అడగడంలో వెటకారం లేదు, నిజంగానే తెలియక అడిగారు. నీళ్ల గురించి మాట్లాడతారండీ అన్నాను.

జవాబు ఇంకా రాలేదు. వస్తే రాస్తాను.

ఈలోపు విద్యార్థి మిత్రులకి ఒక పని. మీ ఊళ్లో దాతలు పెట్టిన ప్లాంటు, మరుగుదొడ్డి, బస్టాపు, బడి గది, ఏదో ఒకటి చూసి రండి. శిలాఫలకం మీద తేదీ, పేర్లు రాసుకోండి. ఇప్పుడు పని చేస్తోందా, శుభ్రం చేసేది ఎవరు, వాళ్లకి జీతం ఎంత, పాడైతే అడిగే దిక్కు ఎవరు, ఆ వాడకి ప్రభుత్వ పైపు వచ్చిందా లేదా అడిగి రాయండి. అన్నీ కలిపితే మన ఉద్దానం సేవా చరిత్ర ఒకటి తయారవుతుంది. దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికైనా వెళ్లొచ్చు, క్లబ్బు దగ్గరికీ, కలెక్టర్ దగ్గరికీ.

వచ్చే వారం తంపరలు.

జై భీమ్.